కాన్పు సెలవుకు బదిలీ మనిషి

ఏడో తరగతిలో నేను బడి మానేసేనాటికి నాకు పూర్తిగా పట్టుబడిన విద్య ఒక్కటే, నా సంతకం. లెక్కలు రాలేదు. ఇంగ్లీషు నన్ను చూసి, నేను దాన్ని చూసి, ఇద్దరం పక్కకు తప్పుకునేవాళ్లం. సంతకం మాత్రం చూసి తీరాల్సిందే. మొదటి అక్షరం కింద బయల్దేరిన గీత చివరి అక్షరాన్ని ఒక చుట్టు చుట్టి, వెనక్కి వచ్చి, రెండు చుక్కలు పెట్టి ఆగుతుంది. కలెక్టరు చూసినా కాసేపు ఆలోచనలో పడతాడు. బాధేమిటంటే, అంత మంచి సంతకం ఉండి కూడా పెట్టమని అడిగే నాథుడు లేడు. కరీంనగర్‌లో ప్రచారం ఆటో నడుపుతాను. పైన రెండు మైకులు, వెనక ఒక బ్యానరు. చీరల మీద తగ్గింపు దగ్గర్నుంచి తప్పిపోయిన మేకపోతు దాకా ఊరికి అన్నీ నా గొంతులోంచే తెలుస్తాయి. ఈ పనిలో గొంతు అడుగుతారు గానీ సంతకం ఎవరూ అడగరు.

అందుకే మా ఆవిడ పనిచేసే ఆస్పత్రివాళ్లు జామీను సంతకానికి రమ్మని కబురు పెట్టినప్పుడు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను.

మా ఆవిడ నర్సు. ఆ ప్రైవేటు ఆస్పత్రి కింది అంతస్తుల్లో కాన్పులు చేస్తారు. పైన మూడో అంతస్తులో కిడ్నీ రోగుల కోసం డయాలసిస్ మిషన్లు కొత్తగా దింపారు. వాటిని నడపడం నేర్చుకు రమ్మని మా ఆవిడను ఆస్పత్రి ఖర్చు మీద హైదరాబాద్ పంపుతున్నారు. తిరిగొచ్చాక రెండేళ్లు ఇక్కడే పనిచేస్తానని బాండు రాయాలి. మధ్యలో మానేస్తే ఖర్చంతా ఆమె కట్టాలి, ఆమె కట్టకపోతే జామీనుదారు కట్టాలి. ఇదిగాక ఆమె నర్సింగు సర్టిఫికెట్లు, అసలువి, రెండేళ్లూ ఆస్పత్రి బీరువాలో ఉంటాయి. మా వైపు ప్రైవేటు ఆస్పత్రుల్లో ఇదొక ఆనవాయితీ. మనిషిని కట్టేస్తే కేసవుతుంది కాబట్టి కాగితాలను కట్టేస్తారు.

"చదువుకొని పెట్టు," అన్నాడు మేనేజరు, పెన్ను ఇస్తూ.

"చదివితే పెట్టబుద్ధి కాదు సార్," అన్నాను.

మా ఆవిడ నా కాలు తొక్కింది. నేను అప్పటికే రెండో చుక్క దగ్గర ఉన్నాను.

ఆమె హైదరాబాద్ వెళ్లింది, నేర్చుకుంది, వచ్చింది. మూడో అంతస్తు ఆమెకు రెండో ఇల్లయింది. డయాలసిస్‌కు వచ్చేవాళ్లు ఒకసారి వచ్చి పోయేవాళ్లు కాదు, వారం వారం రావాల్సినవాళ్లు. మంథని నుంచి ఒకామె, పెద్దపల్లి నుంచి ఒకాయన, ఇట్లా అందరూ చుట్టాలైపోయారు. ఎవరి కొడుకు పరీక్ష తప్పాడో, ఎవరు దొంగచాటుగా మామిడికాయ తొక్కు తిన్నారో అన్నీ ఇంటికొచ్చి చెప్పేది. ఇంత ఇష్టంగా ఆమె ఏ పనీ చేయడం నేను చూడలేదు. నాకు అన్నం పెట్టడంతో సహా.

ఏడాది తిరగకుండానే ఆమె నెల తప్పింది.

మా ఇంట్లో అందరికీ సంతోషమే. ఐదో నెలలో పొట్ట దాగదని తెలిశాక ఆస్పత్రిలో చెప్పింది. ఊరంతా శుభాకాంక్షలు చెప్పిన ఆ విషయానికి సంజాయిషీ అడిగింది ఆ ఒక్క ఆఫీసు గదే.

"గప్పుడేనా అన్నడు మేనేజరు," అంది మా ఆవిడ ఆ సాయంత్రం చెప్పులు విప్పుతూ.

"గప్పుడే ఏంది? పెండ్లయి మూడేండ్లాయె. మా అవ్వయితే ఇంకెప్పుడు, ఇంకెప్పుడు అని పానం తీసింది."

"మీ అవ్వకు నేను బాండు రాసియ్యలే గద."

జరిగింది ఇది. మేనేజరు సొరుగులోంచి బాండు తీసి బల్లమీద పరిచాడట. "సిస్టర్, ఇండ్ల ఎక్కడన్న ఉన్నదా, నడుమ కాన్పు ఉంటదని?" అని అడిగాడట. "కాన్పు ఉండద్దని ఉన్నదా సార్?" అని మా ఆవిడ అడిగిందట. నిజం చెప్పాలి, మేనేజరు నిజాయితీపరుడు. కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి వెతికాడట. లేదని తేలాక "ఉండాల్సిండె," అన్నాడట.

ఆ తర్వాత తీర్పు చెప్పాడు. సెలవు రెండు నెలలే. చట్టప్రకారం ఆరు నెలలు కావాలంటే తీసుకోవచ్చు, ఆయనకేమీ అభ్యంతరం లేదు. కానీ తిరిగొచ్చాక బాండు మళ్లీ మొదటిరోజు నుంచి మొదలవుతుంది. ఇప్పటిదాకా చేసిన పని లెక్కలోకి రాదు. కాదంటే మానుకోవచ్చు. అప్పుడు సర్టిఫికెట్లు బీరువాలో, నేను కోర్టులో.

వైకుంఠపాళిలో పెద్ద పాము మింగితే ఎక్కడికి జారతామో అక్కడికన్నమాట. లోకంలో ఎక్కడైనా బిడ్డను కంటే ఒక మెట్టు ఎక్కినట్టు. మా మేనేజరు పటంలో మాత్రం కాన్పుల గది గడిలో పాము ఉంది. ఆ లెక్కన రెండో బిడ్డ పుడితే ఇంకోసారి మొదటికి, మూడో బిడ్డ పుడితే ఇంకోసారి. మనవడి పెండ్లికి కూడా మా ఆవిడ ఆ మేనేజరునే సెలవు అడగాలి. పెండ్లినాడు నేను వేసిన మూడు ముళ్లకు కూడా ఇంత గట్టి షరతులు లేవు.

నేను ఇట్లా జోకులేస్తుంటే ఆమె నవ్వలేదు.

"నాకు బిడ్డతోని ఆర్నెల్లు ఉండాలనుంది. గా మిషన్ల పని గూడ ఇడిసిపెట్టబుద్ధయితలేదు. రెండు గావాల్నంటె తప్పా?" అంది.

తప్పు కాదని అన్నాను. నేనెళ్లి మాట్లాడతానని కూడా అన్నాను.

"నువ్వు పోతే గా రెండు నెలలు గూడ పోతయి," అంది.

ఆ ఆదివారం శ్రీరాంపూర్ వెళ్లాం, ఆమె తల్లిగారింటికి. మొదటి కాన్పు కాబట్టి పురుడు అక్కడే పోయాలి, ఆ మాటలు మాట్లాడుకోవాలి. మా మామ బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన లెక్కలో లోకంలో ఉన్నవి మూడు షిఫ్టులు, మిగతాదంతా ప్రచారం. నేను ప్రచారం ఆటో నడుపుతానని తెలిసి కూడా ఈ మాట నా ముందే అంటాడు. విషయమంతా విన్నాడు. బీడీ వెలిగించబోయి, కూతురి పొట్ట చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"గింతదానికేనా పరేషాన్? బదిలి పెట్టుండ్రి," అన్నాడు.

బొగ్గు బావుల దగ్గర బదిలీ అంటే ఊరు మారడం కాదు. పర్మినెంటు మనిషి రాని రోజున అతని చోట దిగే మనిషిని బదిలీ అంటారు. ఆ మనిషి టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దున్నే వచ్చి హాజరు గది ముందు నిలబడతాడు. ఎవరు నాగా పెడితే వాళ్ల చోట ఇతని పేరు మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, రాసుకుని పనికి దింపుతారు. మా మామ నౌకరీ మొదలైంది అట్లాగే. ఆయన అన్న, బావమరిది, పక్క క్వార్టరు ఆయన, అందరి నౌకరీలూ మొదలైంది అట్లాగే. ఆ కాలనీలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు ఆలోచించేది బదిలీకి ఎవరు దొరుకుతారనే.

"ఎవలను పెట్టాలె మామా?" అన్నాను.

"జామీను ఎవలు?"

"నేనే."

"మరింకేంది? ఆమె లేకుంటె నేనున్న అని రాసిచ్చినట్టే గద జామీనంటె. నువ్వే దిగు."

వంటింట్లోంచి మా అత్త గొంతు వినిపించింది. "గాయిన దిగితె పేషెంట్లు పైకి పోతరు."

మా ఆవిడ నవ్వింది. ఆ వారం మొత్తంలో అదే మొదటి నవ్వు. ఆ నవ్వు చూసి నేను వెంటనే లేచి నిలబడి, సరే దిగుతానని ప్రకటించాను. జోకు బాగానే పండిందనుకున్నాను. మా మామ వైపు చూస్తే ఆయన నవ్వడం లేదు. కండువా దులిపి భుజాన వేసుకుంటున్నాడు.

"పొద్దుగాల ఫస్టు బస్సుకు పోదాం. నేనొచ్చి మస్టర్ ఏపిస్త," అన్నాడు.

తెల్లారి ముగ్గురం కరీంనగర్ బస్సెక్కాం. మా అత్త నాకు టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చింది, ఎంతైనా పనికి పోతున్నాను కదా. గోదావరి వంతెన మీదికి రాగానే మా ఆవిడ నిద్రపోయింది. ఊళ్లో దిగేసరికి మేం బుద్ధి తెచ్చుకుంటామని ఆమె నమ్మకం. ఆస్పత్రి గేటు దగ్గర "జర ఇంటికి పోండ్రి," అని చెప్పి డ్యూటీకి పైకి వెళ్లిపోయింది. మేం మేనేజరు గది ముందు నిలబడ్డాం. మా మామ హాజరు గది ముందు నిలబడినట్టే, గోడకు ఆనకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ వారం ఆస్పత్రిలో గర్భిణులకు ఉచిత శిబిరం జరుగుతోంది. దాని ప్రచారం పని నాకే ఇచ్చారు, నా గొంతు రికార్డు చేసుకుని గేటు దగ్గర మైకులో వదిలారు. "తల్లికి విశ్రాంతి, బిడ్డకు తల్లి పాలు! ప్రతి తల్లీ కనీసం ఆరు నెలలు బిడ్డ దగ్గరే ఉండాలి! తల్లీబిడ్డల క్షేమమే మా ధ్యేయం! రండి, తరలిరండి!" అది అయిపోగానే మళ్లీ మొదలవుతుంది.

మేనేజరు వచ్చి వరండాలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా మామ దండం పెట్టాడు.

"సార్, మా బిడ్డ కాన్పుకు పోతది. ఆమె జాగల మా అల్లుడు దిగుతడు. మస్టర్ రాసుకోండ్రి."

మేనేజరు నా చేతిలో టిఫిన్ డబ్బా చూశాడు. "డయాలసిస్ మిషన్ మీదనా? ఈయననా?"

"రాకుంటె నేర్పియ్యుండ్రి. బిడ్డను పట్నం తోలి నేర్పియ్యలేదా, గట్లనే. దానికింకో బాండు రాసుకోండ్రి. జామీను నేనుంట."

"పెద్దమనిషీ, ఆయన చదివింది ఏడో తరగతి!"

"ఏడు పూర్తి కాలే సార్," అన్నాను. "ఆరే అనుకోండ్రి, నాకేం ఫికర్ లేదు."

"గిది ఆస్పత్రి. బొగ్గుబాయి అనుకుంటుండ్రా?"

"బొగ్గుబాయిల అయితె గిట్ల ఉండది సార్," అన్నాడు మా మామ, చాలా మర్యాదగా. "మా దగ్గర మనిషి నాగ పెడితె గా దినమే పోతది. ఎనకటి మస్టర్లు ఎవడు కొట్టేయడు."

అప్పుడే గేటు మైకు నా గొంతుతో ప్రతి తల్లీ కనీసం ఆరు నెలలు బిడ్డ దగ్గరే ఉండాలని అరిచింది. మా మామ చెవి అటు పెట్టి విన్నాడు.

"గా గొంతు నీదే గద అల్లుడా?"

"నాదే మామా."

"నువ్వు ఆర్నెల్లంటున్నవు, సారు రెండంటుండు. అబద్ధం ఎవలది?"

"సారే రాసిచ్చిండు మామా. నేను సదివిన, గంతే."

ఇదంతా జరుగుతున్నది వరండాలో. పైకి వెళ్లే లిఫ్టు కోసం ఆగిన డయాలసిస్ రోగులు ఒక్కొక్కరే మా చుట్టూ చేరారు. మంథని నుంచి వచ్చే పెద్దామె అందరికన్నా ముందు నిలబడింది. నన్ను పైనుంచి కిందికి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"గీడు నాకు సూది పెడ్తడా? చీరల మీద తగ్గింపని ఒర్రుకుంట తిరిగే ఆటోడు గీడే గద!"

"గాడే అవ్వా," అన్నాను. "భయపడకు. ఒక సూదికి ఇంకో సూది ఉచితం."

అనకూడదు. కానీ నోట్లోంచి వచ్చేసింది. పెద్దామె చేతికర్ర ఎత్తింది. పెద్దపల్లి ఆయన, అప్పటిదాకా నోరు మెదపని మనిషి, సిస్టరమ్మ లేకపోతే తను వేరే ఆస్పత్రికి పోతానన్నాడు. అంతే, మిగతావాళ్లు కూడా పోతామన్నారు. అప్పటిదాకా కుర్చీలోంచి లేవని మేనేజరు ఆ మాటకు లేచి నిలబడ్డాడు. రోగం కంటే రోగులు పోవడం ఎక్కువ ప్రమాదమని ఆస్పత్రివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

గొడవ విని పెద్ద మేడం వచ్చారు. కాన్పుల డాక్టరు ఆమే, ఆస్పత్రి యజమాని కూడా ఆమే.

"ఏమైతుంది ఇక్కడ?"

"వీళ్లు జోకులేస్తుండ్రు మేడం," అన్నాడు మేనేజరు.

"నేను ఎయ్యలే అమ్మా," అన్నాడు మా మామ. "జోకులు మా అల్లుడేస్తడు, గది వేరే. నేను బదిలి మనిషిని తెచ్చిన. మస్టర్ పడ్తలేదు."

మేడంకు సగమే అర్థమైంది. మా ఆవిడను కిందికి పిలిపించారు. ఆమె మెట్లు దిగి వస్తూ మొదట నన్ను చూసింది. ఆ చూపు గురించి ఇక్కడ రాయను. తర్వాత వాళ్ల నాన్న ముఖం చూసింది. ఆయన నిజంగానే నన్ను పనికి దింపడానికి వచ్చాడని అప్పుడు అర్థమైనట్టుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం గావాలె సిస్టర్ నీకు? నువ్వు చెప్పు," అన్నారు మేడం.

"ఆర్నెల్ల సెలవు మేడం, చట్టంల ఉన్నట్టు. ఒచ్చినంక మిగిలిన బాండు చేస్త. సెలవుల ఉన్న ఆర్నెల్లు గూడ ఎనక కలిపి చేస్త. మొదటినుంచి మాత్రం చెయ్య."

"బాండు అంటే బాండే గద సిస్టర్," అన్నాడు మేనేజరు.

"మొదటినుంచంటె నన్ను మళ్ల ట్రైనింగుకు తోలుతరా సార్? తోలితె మొదటినుంచే చేస్త. కాన్పుల బిడ్డ బయటికొస్తది గని, నేర్సుకున్న పని బయటికి రాదు గద."

 దానికి జవాబు చెప్పింది నా గొంతే, గేటు దగ్గర. తల్లీబిడ్డల క్షేమమే మా ధ్యేయం, రండి, తరలిరండి.

మేడం కాసేపు విని, మేనేజరు వైపు తిరిగి, "జర గా మైకు బంద్ చేయించుండ్రి," అన్నారు.

వృత్తిపరంగా నాకది అవమానమే. కానీ నా బతుకులో నా ప్రచారానికి ఒక మనిషి మారడం అదే మొదటిసారి. చీరల విషయంలో కూడా ఎన్నడూ జరగలేదు. మేడం అక్కడే తేల్చేశారు. సెలవు ఆరు నెలలు, జీతంతో. బాండు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలు. సర్టిఫికెట్లు మాత్రం బీరువాలోనే. అన్నీ ఒకేసారి ఇచ్చేస్తే యాజమాన్యానికి కూడా ఆరోగ్యం పాడవుతుంది కదా. దీనికి బదులుగా సెలవు పెట్టేలోపు మా ఆవిడ ఇంకో సిస్టరుకు మిషన్ల పని నేర్పాలి.

"గదే నేనన్నది," అన్నాడు మా మామ. "బదిలి."

ఇప్పటికీ ఆయన నమ్మకం అదే. బిడ్డను గెలిపించింది చట్టం కాదు, ఆయన తెచ్చిన బదిలీ. నా బదులు ఇంకో మనిషి దిగింది, అంతే తేడా. నా చేతిలోంచి టిఫిన్ డబ్బా తీసుకుని, పని దొరకలేదు కాబట్టి నాకు అవసరం లేదని, లిఫ్టు పక్కన బెంచీ మీద కూర్చుని తనే తిన్నాడు.

నేర్చుకోవడానికి ఒక చిన్న సిస్టరును ఎంపిక చేశారు. మేనేజరు ఆ అమ్మాయిని పిలిచి అడిగిన మొదటి ప్రశ్న మిషన్ల గురించి కాదు, "నీ పెండ్లి ఎప్పుడు?" అని. బాండు పూర్తిగా చదివితేనే సంతకం పెడతానని ఆ అమ్మాయి అందట. మా ఆవిడ ఆమెకు నేర్పిన మొదటి పాఠం అదేనని నా అనుమానం.

శ్రీరాంపూర్ పక్కనే ఉన్న మంచిర్యాల ఆస్పత్రిలో మాకు ఆడపిల్ల పుట్టింది. సెలవు మొత్తం శ్రీరాంపూర్‌లోనే గడిచింది. తొట్టెల పండుగనాడు మా మామ వచ్చినవాళ్లందరికీ కరీంనగర్ కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ అందులో మేడం కొంచెం పెద్దదయ్యేది, మేనేజరు కొంచెం చిన్నవాడయ్యేవాడు, నేను పూర్తిగా కనపడకుండా పోయేవాణ్ని. ఆరు నెలలు నిండాక మా ఆవిడ మళ్లీ మూడో అంతస్తుకు ఎక్కింది. మంథని పెద్దామె బిడ్డకు వెండి మొలతాడు తెచ్చి, "మీ ఆయన ఒస్తలేడు గద?" అని రెండుసార్లు అడిగి మరీ మంచం మీద పడుకుందట.

మా అత్త వచ్చి నెల రోజులుంది. ఆమె వెళ్లిపోయాక పొద్దుటి పూట బిడ్డ నా పాలబడింది. ఆటో సాయంత్రాలే నడిపేవాణ్ని. మొదటిరోజు సంగతి చెబుతాను. పాలు వేడి చేస్తే పొంగాయి, చల్లార్చితే చల్లబడ్డాయి, సరిగ్గా కుదిరేసరికి బిడ్డకు వద్దు. జోలపాట పాడితే ఏడుపు ఎక్కువైంది. తోచక చీరల తగ్గింపు ప్రకటన మొదలుపెట్టాను, గొంతు కొంచెం తగ్గించి. పట్టు మీద సగం ధర అనగానే కళ్లు మూసింది. నేను ఆపగానే తెరిచింది. అట్లా నాలుగు దుకాణాల సరుకు అమ్మాక గానీ మధ్యాహ్నం కాలేదు.

మా ఆవిడ డ్యూటీ దిగి వచ్చేసరికి నేను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను, ఒక భుజం మీద బిడ్డ, ఇంకో భుజం మీద బిడ్డ కక్కిన పాలు.

"నీకు ఆస్పత్రోళ్లు ఆర్నెల్లు సెలవిచ్చిండ్రు," అన్నాను. "నాకు సెలవు ఎవలియ్యాలె? చెప్పు. కావాలంటె నేను గూడ మా మామను తోలుకొస్త."

ఆమె బిడ్డను ఎత్తుకుంది, ఒకసారి వాసన చూసింది, మళ్లీ నా ఒళ్లోనే పెట్టింది.

"ట్రైనింగు మొదలే కాలే, అప్పుడే సెలవా? ఇగో, ముందుగాల బట్ట మార్చు. నేను నిలబడి చూస్త."